తొలి చలికాలంలో ఐసు పట్టిన కొండదారి: మైక్రోస్పైక్‌లు సరిపోతాయా, క్రాంపాన్లు కావాలా?

తొలిమంచు (#1)

అందరికీ నమస్తే. చలికాలం మొదట్లో, మంచు ఇంకా సరిగా పేరుకోని రోజుల్లో ఒక పగటి ట్రెక్ అనుకుంటున్నాం. నలుగురం. రానూపోనూ 14 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 900 మీటర్లు. మొదటి సగం అడవి, ఆ తర్వాత ఉత్తరం వైపు వాలుకు అడ్డంగా సాగే సన్న బాట, చివర రాతి గట్టు. వేసవిలో తేలికైన దారే. ఈమధ్య వెళ్ళినవాళ్ళ ఫొటోల్లో మంచు రెండు మూడు అంగుళాలకు మించి లేదు గానీ మధ్యమధ్య ఐసు మెరుస్తోంది. నలుగురికీ బూటుకు తొడిగే, గొలుసులకు చిన్న ఉక్కు మొనలున్న మైక్రోస్పైక్‌లు, పోల్స్ (చేతికర్రలు) ఉన్నాయి. ఇవి సరిపోతాయా, లేక క్రాంపాన్లు (బూటుకు బిగించే, పొడవు మొనలున్న ఉక్కు చట్రాలు) కావాలా? ఐసు ఎక్కడెక్కడ ఉంటుందో ముందే పసిగట్టడం ఎలా? వెనక్కి తిరగాల్సిన సమయం ఎలా లెక్కేయాలి?

రాతిగట్టు (#2)

దారి ఎంత జారుడుగా ఉందన్నది తర్వాత. జారితే ఎక్కడ ఆగుతారన్నది ముందు చూడండి. ఏ పరికరం కావాలో తేల్చేది అదే. అడవిలో బాట మీద కాలు జారితే కూలబడతారు, మణికట్టుకో తుంటికో దెబ్బ తగులుతుంది, కానీ పడ్డచోటే ఉంటారు. అక్కడికి మైక్రోస్పైక్‌లు చక్కగా సరిపోతాయి. వాలుకు అడ్డంగా పోయే బాటలో అదే ఐసు మీద జారితే కింద బండల దాకా ఆగే ప్రసక్తే ఉండదు. 35 డిగ్రీల వాలున, రాపిడి దాదాపు లేని ఐసు మీద, రెండు సెకన్లలో పది మీటర్లు జారిపోతారు. అప్పటికి వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటుతుంది.

ఫొటోల్లో మంచు లోతు కంటే ముఖ్యంగా గమనించాల్సింది బాట ఇంకా చదునుగా ఉందా లేదా అన్నది. వాలును తొలిచి వేసిన బాట వేసవిలో సమంగా ఉంటుంది. గాలి కొట్టుకొచ్చిన మంచు ఆ చదునును నింపేసి, పైనుంచి కారిన నీళ్ళు దాని మీద గడ్డకడితే బాట మాయమవుతుంది. కొండ ఎంత వాలుందో మీరు అడుగేసే చోటూ అంతే వాలుతుంది. చుట్టూ మంచు రెండంగుళాలే ఉన్నా బాట మీద మాత్రం ఇలా అయ్యుండొచ్చు.

వాలును మ్యాపులో ముందే కొలుచుకోవచ్చు. 10 మీటర్ల తేడాతో కాంటూర్ గీతలున్న (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) 1:25,000 మ్యాపులో గీతల మధ్య ఎడం 0.7 మిల్లీమీటర్లుంటే అది 30 డిగ్రీల వాలు. ఎడం అంతకంటే తగ్గి, కింద చెట్లో చదునో లేకపోతే, బాట మూసుకుపోయిన రోజున అది మైక్రోస్పైక్‌లతో దాటే చోటు కాదు.

చెలమనీరు (#3)

ఐసు ఎక్కడుంటుందన్న ప్రశ్నకు: ముందు నీళ్ళు ఎక్కడున్నాయో వెతకండి. వేసవి ఫొటోల్లో బాట తడిగా, నాచు పట్టి కనిపించే ప్రతి ఊట దగ్గరా ఇప్పుడు ఐసు ఉంటుంది. ఊటనీరు చలికి ఆగదు. గడ్డకట్టిన పొర మీదుగా మళ్ళీ పారి, మళ్ళీ గడ్డకట్టి, పొర మీద పొరగా బాటకు అడ్డంగా ఉబ్బిన దిబ్బవుతుంది. మొదటి మంచు కురిశాక దాని మీద పల్చటి దుప్పటిలా పరుచుకుని కనబడకుండా చేస్తుంది. తొలి చలికాలంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఈ దాగిన ఐసే. నడిచేవాళ్ళు స్పైక్‌లు తీసేసి తాజా మంచు మీద ధీమాగా అడుగేసేది సరిగ్గా ఇక్కడే.

రెండోది రాతి మీది పలచటి ఐసు. వర్షమో కరిగిన మంచునీరో రాతిని తడిపాక చలి ఒక్కసారిగా పెరిగితే, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన, రంగులేని పొర పడుతుంది. రాయి తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది. పోల్ మొనతో గీరి చూస్తే తెల్లగా గీత పడుతుంది. మైక్రోస్పైక్ అయినా క్రాంపాన్ అయినా ఈ పొరలో దిగడానికి మందం చాలదు, మొన రాతికి తగిలి జారుతుంది. అలాంటి చోట రాతి మీద కాకుండా పక్కన గడ్డి, గులకరాళ్ళు, గట్టిపడ్డ మంచు ఉన్నచోట కాలు పెట్టాలి. చివరి గట్టంతా ఇలాగే ఉంటే తిరిగి రావడమే.

మూడోది చెక్క వంతెనలు, చెక్క మెట్లు. కింద కూడా గాలి ఆడుతుంది కాబట్టి నేల కంటే ముందే గడ్డకడతాయి. నాలుగోది రాలిన ఆకుల కింది ఐసు. అడవిలో బాట పల్లంగా ఉన్నచోట ఆకులు నీళ్ళలో నాని గడ్డకడతాయి, పైన పొడి ఆకులు కప్పేస్తాయి.

ఇక ఉష్ణోగ్రత. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అంటే కింద 4 డిగ్రీలుంటే మీ గట్టు మీద సుమారు మైనస్ 2. అయితే వాతావరణ సూచనలో చెప్పేది నేలకు దాదాపు రెండు మీటర్ల ఎత్తున ఉన్న గాలి ఉష్ణోగ్రత. మబ్బులేని, గాలిలేని రాత్రి నేల అంతకంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. సూచనలో కనిష్ఠం 2 అని ఉన్నా పొద్దున బాట మీద ఐసు ఉండొచ్చు. చల్లగాలి బరువు కాబట్టి రాత్రిపూట లోయలోకి దిగి నిలుస్తుంది. అలాంటి రోజుల్లో ట్రెక్ మొదలయ్యే చోటే దారి మధ్యకంటే ఎక్కువ ఐసు ఉంటుంది.

గాలివాటు (#4)

రాతిగట్టు గారూ, మరీ జాగ్రత్త పడుతున్నారేమో అనిపిస్తోంది. మైక్రోస్పైక్‌లు వేసుకుని చేతిలో ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) పట్టుకుంటే ఆ అడ్డబాట దాటలేరా? జారితే యాక్స్ దిగ్గొట్టి ఆగొచ్చు కదా.

రాతిగట్టు (#5)

ఆగలేరండీ. యాక్స్ మొన నేలకు అదిమి ఆగే పద్ధతి గట్టిపడ్డ మంచులో పనిచేస్తుంది, అదీ మొదటి సెకనులోనే పట్టు దొరికితే. గట్టి ఐసులో మొన దిగదు, ఎగిరొచ్చి చేతిలోంచి ఊడిపోతుంది. తొలి చలికాలంలో ఇంకో చిక్కు ఉంది. మంచు పల్చగా ఉండటంవల్ల కింద రాళ్ళు తేలి ఉంటాయి, మొన అందులో తగులుకుంటే మనిషి తలకిందులవుతాడు. యాక్స్ అసలు పని పడకుండా చూడటం. కొండ వైపు చేతిలో పట్టుకుని, ముందు దాని కాండం (పొడవాటి పిడి) మంచులో దించి, అప్పుడు రెండు అడుగులు, మళ్ళీ యాక్స్. కాలు జారబోతే ఆ దిగిన కాండమే ఆధారం.

యాక్స్ అవసరమైనంత వాలులో పాదానికి క్రాంపాన్ ఉండాలి, తలకు హెల్మెట్ ఉండాలి. మైక్రోస్పైక్ మొన సుమారు ఒక సెంటీమీటరు. రబ్బరు పట్టీకి గొలుసులతో వేలాడుతుంది. వాలుకు అడ్డంగా నిలబడితే బరువంతా ఒక పక్కకు పోయి, రబ్బరు సాగి, గొలుసు బూటు అంచు దాటి పక్కకు వచ్చేస్తుంది. అప్పుడు ఐసు మీద ఆనేది వట్టి బూటు అంచే. క్రాంపాన్ మొనలు రెండున్నర, మూడు సెంటీమీటర్లుంటాయి, చట్రం బూటుకు కదలకుండా బిగుస్తుంది. అసలు తేడా మొన పొడవులో కంటే ఈ బిగువులోనే ఉంది.

ఇనుపమొన (#6)

మైక్రోస్పైక్‌లు ఎక్కడ చెడతాయో చెబుతాను, ఎందుకంటే నలుగురిలో ఒకరి జత తెగితే నలుగురి నడకా ఆగుతుంది.

ఎక్కువగా తెగేది రబ్బరులో గొలుసు కొక్కెం దూర్చిన రంధ్రం దగ్గర. చిన్న చీలిక చలిలో పెద్దదవుతుంది, ఎందుకంటే రబ్బరు బిరుసెక్కి సాగే గుణం తగ్గుతుంది. బయల్దేరే ముందు ఒక్కో రంధ్రాన్ని వేళ్ళతో సాగదీసి చూడండి. తర్వాత గొలుసు లింకుల అతుకు. రాతి మీద నడిచేకొద్దీ విచ్చుకుంటుంది, పకారుతో నొక్కాలి. మొనలు మొద్దుబారితే ఆకురాయితో చేత్తోనే అరగదీయండి. మెషిన్ మీద పడితే ఉక్కు వేడెక్కి మెత్తబడిపోతుంది.

సైజు బూటుతోనే చూడాలి, బూటు నంబరుతో కాదు. చలికాలపు బూటు లావుగా ఉంటుంది. వదులుగా ఉంటే దిగేటప్పుడు పట్టీ వేళ్ళ మీంచి పైకి జారుతుంది. మరీ బిగుతైతే వేళ్ళను నొక్కి రక్తప్రసరణ తగ్గిస్తుంది. వేసుకునేటప్పుడు ముందు వేళ్ళ వైపు తొడిగి, మడమ పట్టీని బాగా పైకి లాగి, పాదం కింద మొనలు మధ్యకు వచ్చాయా లేదా చూసుకోవాలి. పాదం మీదుగా ఒక వెల్క్రో పట్టీ కడితే పక్కకు జారడం చాలావరకు తగ్గుతుంది.

రిపేరుకు రెండడుగుల సన్న ఇనుప తీగ, చిన్న పకారు, ఒక విడి పట్టీ చాలు. ప్లాస్టిక్ జిప్ టైల మీద ఆధారపడకండి, గట్టి చలిలో పుటుక్కున విరుగుతాయి. బజారు నడకకోసం అమ్మే స్ప్రింగు చుట్టిన రబ్బరు తొడుగుల్ని మాత్రం కొండకు తేవద్దు. చదును నేల మీది మంచుకు పనికొస్తాయి, వాలు ఐసు మీద అవే జారతాయి.

ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరపడి మంచు తడిగా ఉంటే మొనల మధ్య మంచు ఉండలు కడుతుంది. నాలుగైదు అడుగులకే మొనలు నేలకు అందవు. పోల్‌తో బూటు పక్కన తట్టి రాల్చాలి. క్రాంపాన్‌కైతే కింద ప్లాస్టిక్ పలక తప్పనిసరిగా ఉండాలి.

తొలిమంచు (#7)

చాలా ఉపయోగంగా ఉంది, ధన్యవాదాలు. మా బూట్లు మామూలు ట్రెకింగ్ బూట్లే, అడుగు భాగం చేత్తో వంచితే వంగుతుంది. వీటికి క్రాంపాన్లు పడతాయా?

ఇనుపమొన (#8)

బూట్లను అడుగు గట్టిదనాన్ని బట్టి B0 నుంచి B3 వరకు, క్రాంపాన్లను C1 నుంచి C3 వరకు వర్గాలుగా చేస్తారు. చేత్తో సులువుగా వంగేది B0. దానికి పర్వతారోహణ క్రాంపాన్ వేయకూడదు. అడుగుకో వంపు వల్ల పట్టీలు వదులవుతాయి, రెండు ముక్కల్ని కలిపే ఉక్కు పట్టీ అలిసి విరుగుతుంది. B1 బూటుకు పట్టీలతో కట్టే C1 సరిపోతుంది. C2కు బూటు మడమ దగ్గర గట్టి గాడి, C3కు ముందూ వెనకా గాళ్ళు ఉండాలి.

మీ బూట్లకు మధ్యేమార్గం ఒకటుంది. వంగే బూట్ల కోసమే చేసిన హైకింగ్ క్రాంపాన్లు దొరుకుతాయి. మొనలు మైక్రోస్పైక్ కంటే పొడవు, ఉక్కు పలకలకు బిగించి ఉంటాయి, మడమ కింద కూడా పట్టు ఉంటుంది. నిటారుగా ఎక్కే అడవి బాటకు, గట్టిపడ్డ మంచుకు బాగా పనిచేస్తాయి. జారితే ఆగని వాలుకు మాత్రం ఇవీ సమాధానం కాదు.

ఏది తీసుకున్నా ఇంట్లో బూటుకు బిగించి చూడండి. పర్వతారోహణ క్రాంపాన్‌ను పట్టీ కట్టకుండా బూటుకు తొడిగి పైకి ఎత్తితే ఊడిపోకుండా నిలవాలి. అది కొలత సరిపోయిందనడానికి గుర్తు. పట్టీల బకిల్ కాలి బయటి వైపు ఉండాలి. మిగిలిన పట్టీ కొస దోపేయాలి, రెండో కాలి మొన దాన్ని తొక్కితే ముందుకు పడతారు.

ఒక మాట చెప్పాలి: రాయి, మట్టి, ఐసు కలగలిసిన దారిలో పొడవు మొనలు మేలు కాదు. వట్టి రాతి మీద మూడు సెంటీమీటర్ల మొనల మీద నిలబడితే చీలమండ మడతపడుతుంది. మీ అడవి భాగానికి మైక్రోస్పైకే సరైనది.

మెల్లడుగు (#9)

నడక గురించి ఎవరూ చెప్పలేదు. ఐసు మీద మడమ ముందు ఆనించి నడిచే అలవాటే పడేస్తుంది. పాదం మొత్తం ఒకేసారి ఆనాలి. అడుగు పొడవు మామూలు కంటే సగం. బరువు ముందు పాదం మీదికి పూర్తిగా మారాకే వెనక పాదం లేవాలి.

దిగేటప్పుడు భయంతో ఒళ్ళు వెనక్కి వాలుతుంది, దాంతో బరువు మడమకు పోయి కాళ్ళు ముందుకు ఎగిరిపోతాయి. మోకాళ్ళు వంచి, ఛాతీని పాదాల మీదికి తెచ్చి, మొనలన్నీ దిగేలా పాదం దించాలి. ధైర్యం చాలక వెనక్కి వాలడం మొదలైతే అక్కడే ఆగి, పక్కకు తిరిగి మెల్లగా దిగడం మంచిది. కాళ్ళ మధ్య తుంటి వెడల్పున ఎడం ఉంచండి, లేకపోతే ఒక కాలి మొన రెండో కాలి ప్యాంటుకు చిక్కుకుంటుంది. ప్యాంటు అంచులు వదులైతే గెయిటర్లు (బూటు మీంచి పిక్క దాకా కట్టే తొడుగులు) వేసుకోండి.

పోల్స్ మొన కార్బైడ్‌ది అయ్యుండాలి, రబ్బరు టోపీలు తీసేయండి. ఐసు మీద మణికట్టు పట్టీలోంచి చెయ్యి బయటే ఉంచండి. పడేటప్పుడు పోల్ రాళ్ళ మధ్య ఇరుక్కుంటే పట్టీ బొటనవేలినో మణికట్టునో మెలిపెడుతుంది.

స్పైక్‌లు ఐసు మొదలయ్యాక కాదు, దానికి ముందున్న చదునులో వేసుకోవాలి. ఐసు మధ్యలో ఒంటికాలి మీద నిలబడి తొడుక్కోబోయి పడేవాళ్ళు చాలామంది. గ్లవ్స్ తీయకుండా తొడుక్కోవడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి.

పొద్దువాలు (#10)

సమయం లెక్క నేను చెబుతాను. 1892లో నైస్మిత్ చెప్పిన సూత్రం ఇప్పటికీ మంచి ఆరంభం: గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఒక గంట. మీ 7 కిలోమీటర్లు, 900 మీటర్లకు పైకి 2 గంటల 55 నిమిషాలు. మంచి నేల మీద దిగడానికి గంటా 25 నిమిషాలు. ఐసు ఉంటే పైకి ఒకటిన్నర రెట్లు, కిందికి రెండు రెట్లు వేయండి. దిగడంలోనే ఎక్కువ కలుస్తుంది, చాలామంది లెక్క తప్పేది అక్కడే. అంటే పైకి దాదాపు 4 గంటల 25 నిమిషాలు, కిందికి 2 గంటల 50 నిమిషాలు, స్పైక్‌లు వేసి తీయడానికీ తినడానికీ ఇంకో ముప్పావు గంట. మొత్తం 8 గంటలు.

మీ దగ్గర సూర్యాస్తమయం 4:45 అనుకుంటే, ఉదయం 7:30కు బయల్దేరితే 3:30కు కింద ఉంటారు. చీకటికి ముందు మిగిలేది గంటంపావే. కాబట్టి 12:15 అయ్యేసరికి ఎక్కడున్నా తిరగాలి, గట్టు ఎదురుగా వంద మీటర్లలో కనిపిస్తున్నా సరే. మధ్యాహ్నం ఎండ తగిలి మెత్తబడ్డ బాట, నీడ పడగానే అరగంటలోనే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. పొద్దున ఎక్కిన బాట సాయంత్రం అదే బాటగా ఉండదు.

హెడ్‌ల్యాంప్ ప్రతి ఒక్కరికీ ఒకటి, విడి బ్యాటరీలతో. ఆల్కలైన్ సెల్స్ చలిలో త్వరగా నీరసిస్తాయి, ఒకసారి వాడి పడేసే లిథియం సెల్స్ మైనస్ 40 వరకు పనిచేస్తాయి. ఫోన్ లోపలి జేబులో, ఏరోప్లేన్ మోడ్‌లో, మ్యాపు డౌన్‌లోడ్ చేసుకుని. పవర్ బ్యాంక్ కూడా ఒంటికి దగ్గరగానే ఉంచండి. సున్నా కంటే తక్కువ చలిలో ఫోన్ ఛార్జ్ చేస్తే బ్యాటరీ పాడవుతుంది.

చెలమనీరు (#11)

నీళ్ళ గురించి రెండు ముక్కలు. గొట్టంతో తాగే సంచీ వద్దు, ముందు గొట్టమే గడ్డకడుతుంది. వెడల్పు మూతి సీసాలో వేడినీళ్ళు పోసి తలకిందులుగా పెట్టండి. ఐసు పైభాగంలో మొదలవుతుంది కాబట్టి మూత వైపు నీళ్ళు ద్రవంగానే ఉంటాయి. మూత గట్టిగా బిగిసిందో లేదో మాత్రం చూసుకోండి.

సన్న గొట్టాలతో చేసిన నీటి ఫిల్టర్ ఒకసారి తడిగా ఉండి గడ్డకట్టిందంటే పనికిరాదు. లోపల గొట్టాలు చీలతాయి, బయటికేమీ కనబడదు, నీళ్ళు మామూలుగానే వస్తాయి. జిప్ సంచీలో వేసి జాకెట్ లోపల పెట్టుకోండి. క్లోరిన్ డయాక్సైడ్ బిళ్ళలు చల్లటి నీళ్ళలో నెమ్మదిగా పనిచేస్తాయి, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి చావాలంటే నాలుగు గంటలు ఆగాలి. పగటి ట్రెక్‌కు ఇంటినుంచి నీళ్ళు మోసుకెళ్ళడమే సులువు.

దారిలో వాగు దాటాల్సి వస్తే, దాని మీది ఐసు మీద నడవద్దు. నీటిమట్టం తగ్గాక ఐసు కింద బోలుగా ఉంటుంది. రాళ్ళ మీద దాటేటప్పుడు తుంపర పడే రాళ్ళన్నిటి మీదా పలచటి పొర ఉంటుందనే అనుకోండి. స్పైక్‌లు విప్పకుండానే దాటాలి.

ఊపిరి (#12)

బట్టల్లో ఒక్కటే నియమం: చెమట పట్టనివ్వకండి. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా ఉండాలి. ఒంటికి తగిలేది ఉన్నిదో పాలియెస్టరో, కాటన్ అసలు వద్దు. ఆగిన మరుక్షణం లావు జాకెట్ వేసుకోవాలి, చలి పుట్టేదాకా ఆగకూడదు. గ్లవ్స్ రెండు జతలు, ఎందుకంటే ఐసు మీద చేతులు ఆనించి లేచినప్పుడల్లా మొదటి జత తడుస్తుంది. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20లా తగులుతుంది. మీ గట్టు మీద కూర్చుని తినాలనే ఆలోచన మానుకోండి.

దెబ్బ తగిలి ఒకరు కదలలేకపోతే అసలు శత్రువు నేల చలి. ముందు కింద ఫోమ్ చాప లేదా ఖాళీ సంచులు పరవండి, తర్వాతే పైన కప్పడం. నలుగురికి ఒక చాప, ఇద్దరు మనుషులు లోపల దూరగల అత్యవసర సంచీ ఒకటి తప్పక ఉండాలి. మాట తడబడటం, వేళ్ళు జిప్పు లాగలేకపోవడం, తూలడం, కారణంలేని చిరాకు కనిపిస్తే శరీర ఉష్ణోగ్రత పడిపోతోందని అర్థం. పొడి బట్టలు మార్చి, మింగగలిగితే తియ్యటి వేడి పానీయం ఇవ్వండి. చేతులు కాళ్ళు రుద్దకండి, మద్యం ఇవ్వకండి. వణుకుతున్న మనిషి వేడెక్కకుండానే వణుకు మానేస్తే అది నయం కావడం కాదు, పరిస్థితి విషమించడం. సాయం కోసం ఈల నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు. జవాబు నిమిషానికి మూడుసార్లు వస్తుంది.

గాలివాటు (#13)

యాక్స్ విషయం ఒప్పుకుంటున్నా రాతిగట్టు గారూ. మరి మంచు ఇంత తక్కువున్నప్పుడు హిమపాతం (అవలాంచ్, వాలు మీది మంచు విరిగి కిందికి జారడం) సంగతి కూడా ఆలోచించాలా?

రాతిగట్టు (#14)

ఆలోచించాలి. అడవిలో రెండంగుళాలున్నా, గాలి గట్టు వెనక్కి, గల్లీల్లోకి (కొండవాలులో పైనుంచి కిందికి కోసిన సన్న చీలికల్లోకి) తోసిన మంచు మోకాలి లోతు ఉండొచ్చు. 30 నుంచి 45 డిగ్రీల వాలులో అది పలకగా జారుతుంది. కింద రాళ్ళు తేలి ఉంటాయి కాబట్టి చిన్న జారుడు కూడా మనిషిని వాటికేసి కొడుతుంది. మీ అడ్డబాట ఏదైనా గల్లీని దాటుతుంటే, అడుగేసేటప్పుడు మంచు బోలుగా మోగినా, పాదం చుట్టూ పగుళ్ళు పాకినా ముందుకు వెళ్ళకండి. ఆ ప్రాంతానికి హిమపాత హెచ్చరికలు ఇచ్చే సంస్థ ఉంటే ముందురోజు, బయల్దేరే ఉదయం రెండుసార్లూ చూడండి.

తొలిమంచు (#15)

మ్యాపులో కొలిచాను. అడ్డబాటలో సుమారు 300 మీటర్ల మేర గీతల ఎడం 0.7 కంటే తక్కువే వచ్చింది, మధ్యలో ఒక గల్లీ ఉంది, కింద చెట్లు లేవు. అడవి చివరిదాకా వెళ్ళి, అక్కడ బాట చదునుగా కనిపిస్తేనే ముందుకు అనుకుంటున్నాం. చివరి సందేహం: మొదటి యాభై మీటర్లు బాగుండి, ఆ తర్వాత మూసుకుపోయి ఉంటే? సన్న బాట మీద నలుగురం వెనక్కి ఎలా తిరగాలి?

మెల్లడుగు (#16)

నలుగురూ ఒకేసారి బాట మీదికి రావద్దు. బాగా అనుభవమున్న ఒకరు ముందు వెళ్ళి చూడాలి, మిగిలినవాళ్ళు చెట్ల దగ్గరే ఆగాలి. వెళ్ళినవాళ్ళు ప్రతి పది అడుగులకూ వెనక్కి చూసుకుని, ఇదే అడుగుల్లో తిరిగి రాగలనా అని తేల్చుకోవాలి. ఎక్కడ "కష్టమే" అనిపిస్తే అక్కడే ఆగాలి, ఇంకో అడుగు ముందుకు వేశాక కాదు. తిరిగేటప్పుడు ముఖం కొండ వైపు ఉండాలి. ముందు కొండ వైపు పోల్ గట్టిగా దించి, చిన్న చిన్న అడుగుల్లో పాదాలు రెండూ తిప్పి, రెండో పోల్ అప్పుడు మార్చాలి. వీపు సంచీ ఐసు మీద దించకండి, అది జారితే చెయ్యి అప్రయత్నంగా దాని వెనకే పోతుంది. సంచీ పట్టీలు నడుము దగ్గర బిగించి ఉంచితే తిరిగేటప్పుడు బరువు పక్కకు ఊగదు.